రాత్రి మూడింటికి మెలకువ: నిద్రమాత్రా, హార్మోనా, పడక వేళల మార్పా?

నలభై ఆరేళ్ల ఆడమనిషి "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. మందుల దుకాణంలో ఒక చిన్న మాత్ర చేతిలో పెడతారు. పక్కింటావిడ "గర్భసంచి తీయించేసుకో, పీడ విరగడవుతుంది" అంటుంది. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడుతోంది కదా" అని అటు తిరిగి పడుకుంటారు. మొదటిది ఎంపికల్లో చిట్టచివర ఉండవలసినది. రెండోది అసలు నిద్రకు మందే కాదు. మూడోది నిజమే గానీ, ఆ మాటతో ఎవరికీ నిద్ర పట్టదు.

ముట్లు ఆగిపోయాకే నిద్ర చెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముట్లు ఇంకా వస్తుండగానే ఇది మొదలవుతుంది. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో అందుకు సగటు వయసు 46, 47 ఏళ్లు. దానికి ముందు నాలుగేళ్లపాటు, ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువ కాలం, నెల తప్పడం, రెండు వారాలకే రావడం, గడ్డలు గడ్డలుగా పోవడం లాంటి తికమక నడుస్తుంది. నిద్ర తగ్గడం ఈ తికమక కంటే ముందే కనబడవచ్చు. అందుకే నలభై రెండు, నలభై మూడేళ్ల మనిషి తన నిద్రలేమిని అప్పులకో, కూతురి పెళ్లి బెంగకో, అత్తగారికో అంటగడుతుంది గానీ అండాశయాల వైపు చూడదు.

ఒంట్లో జరిగేది

ఈ వయసులో అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి. అలాంటి నెలలో ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోను దాదాపుగా తయారు కాదు. ఆ హార్మోను నుంచి ఏర్పడే ఒక పదార్థం మెదడులో గాబా గ్రాహకాల మీద (మెదడును శాంతపరిచే సంకేతాలను అందుకునే చోట్ల మీద) పనిచేసి నెమ్మది తెస్తుంది. అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు పనిచేసేదీ ఆ గ్రాహకాల మీదనే. అంటే ఒంట్లోనే తయారయ్యే మత్తు తగ్గిపోయిందన్నమాట. అండాశయాల్లో తయారయ్యే మరో హార్మోను ఈస్ట్రోజెన్ సంగతి వేరు. అది మెల్లగా దిగిపోదు. వేసవి సాయంత్రం కరెంటు ఓల్టేజీలా ఎక్కుతూ పడుతూ ఉంటుంది. అది పడినప్పుడల్లా ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే మెదడు భాగం అతిగా కంగారు పడుతుంది. మామూలుగా లెక్కచేయని కొద్దిపాటి వేడికి కూడా చర్మంలోని రక్తనాళాలను విప్పేసి, చెమట పట్టించి, గుండె దడ తెప్పిస్తుంది. ఇలా ఉన్నట్టుండి కమ్మే వేడినే వేడి ఆవిరి అంటారు. ఒక్కో ఆవిరి ఒకటి నుంచి ఐదు నిమిషాలు ఉంటుంది. రాత్రివేళ చాలాసార్లు మెలకువ ముందు వస్తుంది, వేడి తర్వాత తెలుస్తుంది. "నాకు ఆవిర్లు లేవు, ఊరికే మెలకువ వస్తోంది" అనేవాళ్లలో కొందరికి అసలు కారణం ఆవిర్లే.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఐదు నిమిషాల ఆవిరి పోయినా, తడిసిన జాకెట్టుతో మళ్లీ నిద్ర పట్టడానికి గంట పడుతుంది.

కొన్నాళ్లు ఓర్చుకుంటే అదే పోతుందన్న సలహాకు ఒక లెక్క చెప్పాలి. అమెరికాలో స్వాన్ పేరుతో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో, తరచుగా వేడి ఆవిర్లు వచ్చే స్త్రీలలో సగంమందికి అవి 7.4 ఏళ్లకు మించి కొనసాగాయి. అంతకాలం ఓర్చుకోమనడం వైద్యం కాదు.

మందు కంటే ముందు ఒక క్యాలెండర్

నా సలహా అంతా ఒక్క మాట మీద ఆధారపడి ఉంది: మిమ్మల్ని లేపుతున్నది ఏమిటో తేలితే ఏ మందో దానంతట అదే తేలుతుంది. దీనికి ఖర్చు లేదు. గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు. రెండు వారాలపాటు పొద్దున లేచాక ఆ తేదీ గడిలో నాలుగు సంగతులు రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎన్నిసార్లు లేచారు, లేచినప్పుడు ఏమనిపించింది (చెమటా, మూత్రమా, కాళ్లు లాగడమా, ఆలోచనలా), ఎన్నింటికి పూర్తిగా లేచారు. ముట్టు వచ్చిన రోజులు ఎలాగూ గుర్తు పెట్టుకుంటారు, అవీ ఆ గడుల్లోనే రాయండి. రాత్రి గడియారం చూడనక్కర లేదు, అంచనా సరిపోతుంది.

ఈ గడుల్లో చెమట కాక ఇంకేదైనా ఎక్కువసార్లు కనిపిస్తే దారి మారుతుంది. పడుకోగానే కాళ్లలో పాకినట్టు, పిక్కలు లాగినట్టు ఉండి, కాళ్లు కదిలిస్తే తప్ప నెమ్మది లేకపోతే ఇనుము లోపం అనుమానించాలి. ముట్టు విపరీతంగా పోయే ఈ వయసులో ఇది మామూలు. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుందనేస్తారు. ఒంట్లో ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయమనండి, ఎందుకంటే రక్తం బాగానే ఉన్నట్టు కనబడుతున్నా నిల్వలు అడుగంటి ఉండవచ్చు. అలాంటి మనిషికి నిద్రమాత్ర ఇస్తే కాళ్లు లాగుతూనే ఉంటాయి, మత్తు మాత్రం తోడవుతుంది.

గురక మరో సంగతి. ఆడవాళ్ల గురకను ఇంట్లో నవ్వులాటగా తీసుకుంటారు. కానీ ముట్లు ఆగే వయసులో నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఆడవాళ్లలోనూ పెరుగుతుంది. గట్టి గురక, ఉదయం తలనొప్పి, పగలంతా తూగు, బీపీ ఉంటే దీన్ని పరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బున్నవాళ్లకు నిద్రమాత్ర ప్రమాదకరం కూడా. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేచేవాళ్లు చక్కెర చూపించుకోవాలి. ఉద్దానం ప్రాంతం వాళ్లయితే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి, దాని గురించి కింద చెబుతాను. గుండె దడ, సన్నబడటం, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్ పరీక్ష. ఇవన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు.

డబ్బు దండగైన పరీక్ష ఒకటుంది: ఎఫ్‌ఎస్‌హెచ్, అంటే అండాశయాలను పనిచేయించే హార్మోను రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష. 45 దాటి, ముట్లు అటూ ఇటూ అయి, ఆవిర్లు వస్తున్న మనిషికి ఈ పరీక్ష అవసరం లేదు. ఈ దశలో హార్మోన్లు వారం వారం మారుతుంటాయి కాబట్టి ఇవాళ్టి అంకె రేపు అబద్ధమవుతుంది. ప్యాకేజీ పేరుతో వేలకు వేలు వసూలు చేసే హార్మోను పరీక్షలు ఈ సందర్భంలో ల్యాబుకే లాభం. 40 లోపు ముట్లు ఆగిపోతే మాత్రం పరీక్ష తప్పనిసరి.

నిద్రమాత్ర, పడక వేళల పద్ధతి: ఈ రెండింటిలో

ఇక్కడ నేను తటస్థంగా ఉండను. పడక వేళలను సరిదిద్దే పద్ధతికే నా ఓటు. డాక్టర్లు దీన్ని సీబీటీ-ఐ అంటారు. దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఇవ్వవలసిన చికిత్స ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. మెనోపాజ్ దశలోని స్త్రీల మీద ఎంఎస్‌ఫ్లాష్ పేరుతో అమెరికాలో వరుసగా కొన్ని ప్రయోగాలు జరిగాయి. ఒకదానిలో ఈ పద్ధతిని ఫోనులోనే నేర్పారు. ఆ ప్రయోగాల ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నిద్రలేమి తీవ్రత అన్నింటికన్నా ఎక్కువగా తగ్గింది దీనితోనే. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్, దిగులుకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, వెన్లాఫాక్సిన్ మందులు, వ్యాయామం, యోగా అన్నీ దీని తర్వాతే నిలిచాయి.

పద్ధతి వినడానికి విడ్డూరంగా ఉంటుంది: నిద్ర పట్టనివాళ్లను పడక మీద తక్కువసేపు ఉండమంటుంది. ఉదాహరణకు మీరు తొమ్మిదింటికి పడుకుని ఐదింటికి లేస్తున్నారు, అంటే పడక మీద ఎనిమిది గంటలు. క్యాలెండర్ లెక్క ప్రకారం నిజంగా నిద్రపోతున్నది ఐదున్నర గంటలు. అయితే కొన్నాళ్లు ఆ ఐదున్నర గంటలే పడక మీద ఉండాలి. మన ఊళ్లలో లేచే వేళ మన చేతిలో ఉండదు. కుళాయి నీళ్లు వచ్చే వేళకో, పైడిభీమవరం కంపెనీలో మొదటి షిఫ్టుకు వెళ్లే కొడుక్కి క్యారేజీ కట్టే వేళకో లేవాలి. కాబట్టి లేచే వేళను నాలుగున్నరగా స్థిరపరచి, పడుకునే వేళను పదకొండుకు జరపండి. ఆదివారమైనా, పండగైనా, రాత్రి నిద్ర చెడినా అదే నాలుగున్నర. పగటి కునుకు మానేయాలి. మొదటి వారం పగలు తూలుతూ ఉంటారు, ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. పడక మీద ఉన్న సమయంలో నూటికి ఎనభై ఐదు వంతులు నిద్ర పడుతుంటే, వారానికి పావుగంట చొప్పున పడుకునే వేళను ముందుకు తెచ్చుకోవాలి. ఎంత నిద్రలేమి అయినా పడక సమయాన్ని ఐదు గంటల కంటే తగ్గించకూడదు.

ఈ పద్ధతిలో రెండో సగం: ఇరవై నిమిషాలుగా నిద్ర పట్టలేదనిపిస్తే మంచం దిగాలి. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే ఇంట్లో ఎక్కడికి వెళ్లాలన్నది నిజమైన ప్రశ్నే. వసారాలో దోమతెర కట్టిన నవారు మంచమో, వంటింట్లో పీటో ముందే సిద్ధంగా ఉంచుకోండి. మసక వెలుతురులో మెదడుకు శ్రమ లేని పని ఏదైనా చేయండి: పప్పులో రాళ్లు ఏరడం, ఒత్తులు చేయడం. ఫోను వద్దు. కళ్లు మూతపడుతుంటే మళ్లీ మంచం ఎక్కండి. మెదడుకు మంచం అంటే నిద్ర అన్న సంబంధం తిరిగి కుదరడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ పద్ధతి వేడి ఆవిర్లను తగ్గించదు. ఆవిరి వచ్చినా మళ్లీ త్వరగా నిద్ర పట్టేలా చేస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లు, బైపోలార్ జబ్బున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. పలాస జీడి పరిశ్రమలోనో, జూట్ మిల్లులోనో యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు మొదటి వారాల్లో పడక సమయాన్ని అంత గట్టిగా తగ్గించకూడదు. ఆరు, ఆరున్నర గంటల దగ్గర మొదలుపెట్టాలి.

నేర్పేవాళ్లు ఎక్కడున్నారు? శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. ఆ పేరు వినగానే వెనకడుగు వేసేవాళ్లున్నారని తెలుసు. అలాంటివాళ్లకు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ సేవకు 14416కు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర గురించి మాట్లాడాలని మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఇక మాత్ర. అల్ప్రజోలం, జోల్పిడెం లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డాక్టరు చీటీ లేకుండా వీటిని అమ్మకూడదు. ఎవరికి అమ్మారో దుకాణంలో రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అడగ్గానే ఇచ్చేశారంటే అది మీ మీద దయ కాదు. ఈ మాత్రలు మొదటి రాత్రి నుంచే పనిచేస్తాయి, అదే వాటి ఆకర్షణ. కొన్ని వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది, మోతాదు చాలదు, మానేస్తే నిద్ర ముందుకంటే అధ్వానంగా చెడుతుంది. ఎముకలు పలచబడటం మొదలయ్యే వయసులో రాత్రి మత్తులో బాత్రూముకు లేచి పడటం ఇంకో ప్రమాదం. ఇంట్లో చావు, ఆపరేషన్ లాంటి గట్టి దెబ్బ తగిలిన రోజుల్లో డాక్టరు ఒకటి రెండు వారాలకు రాసిస్తే తప్పు లేదు. ఏళ్ల తరబడి వేసుకుంటున్నవాళ్లు మాత్రం ఇది చదివి రేపటి నుంచి మానేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. జలుబు మాత్రను నిద్ర కోసం వేసుకునే అలవాటు కూడా మంచిది కాదు. నోరు ఎండడం, మలబద్ధకం, పగటి మందకొడితనం తప్ప దానితో మంచి నిద్ర రాదు.

హార్మోన్లు: ఎవరికి మొదటి ఎంపిక

మీ క్యాలెండర్ గడుల్లో ఎక్కువగా "చెమట" అనే ఉంటే వరుస మారుతుంది. ఆవిర్లను తగ్గించడంలో ఈస్ట్రోజెన్‌ను మించిన మందు లేదు. ఆవిర్లు తగ్గితే వాటివల్ల వచ్చే మెలకువలూ తగ్గుతాయి.

హార్మోన్లంటే మన డాక్టర్లలోనూ చాలామందికి ఇంకా భయం. ఆ భయానికి మూలం 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన డబ్ల్యూహెచ్ఐ (విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్) అనే హార్మోన్ల ప్రయోగం. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63 ఏళ్లు, ఇచ్చింది పాతకాలపు నోటి మాత్రలు. నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ లెక్క నేరుగా వర్తించదు. 60 ఏళ్ల లోపు, లేదా ముట్లు ఆగి పదేళ్లు దాటని, వేరే అడ్డంకులు లేని స్త్రీలలో బాధలు ఎక్కువగా ఉంటే నష్టం కంటే మేలే ఎక్కువన్నది ఇప్పటి వైద్య సంఘాల మాట. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల అట్టల మీది పెద్ద హెచ్చరికను తొలగిస్తున్నట్టు ప్రకటించింది. అంటే ప్రమాదం సున్నా అయిందని కాదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ తరహా మందు రెండూ కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది. ఆ కొద్దిపాటి ముప్పును మీ ఇంటి చరిత్రతో కలిపి డాక్టరుతో మాట్లాడాలి.

మాత్రా, జెల్లా అంటే నేను జెల్ వైపు. నోటి మాత్ర కాలేయం గుండా వెళ్లి రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది, చర్మం గుండా వెళ్లే ఈస్ట్రోజెన్‌తో ఆ ముప్పు తక్కువ. బరువు ఎక్కువున్నవాళ్లకు, బీపీ, చక్కెర ఉన్నవాళ్లకు ఈ తేడా ముఖ్యం. ధర మాత్ర కంటే ఎక్కువే. అంటించుకునే పట్టీలు కూడా ఉన్నాయి గానీ, చెమటకు ఊడిపోయే అవకాశం ఉన్న మన వాతావరణంలో స్నానం చేసి ఒళ్లు ఆరాక రాసుకునే జెల్లే సుఖం. రాసుకున్నాక అది ఆరేదాకా చంటిపిల్లలను ఎత్తుకోకండి.

గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు. లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. తోడుగా ప్రొజెస్టెరాన్ కావాలి. ఇందులో మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ రాత్రి పడుకునేముందు వేసుకుంటే మగతనిస్తుంది, పొరను కాపాడే మందే నిద్రకూ సాయపడుతుంది. ముట్లు విపరీతంగా పోతున్నవాళ్లకు ఇంకో దారి ఉంది: లెవోనార్జెస్ట్రెల్ హార్మోను విడుదల చేసే లూపు. అది రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది, గర్భం రాకుండా చూస్తుంది, ఈస్ట్రోజెన్ వాడేవాళ్లలో లోపలి పొరను కాపాడుతుంది. ఈ వయసులోనూ గర్భం వస్తుందని మరిచిపోకండి. మెనోపాజ్‌కు ఇచ్చే హార్మోన్లు గర్భనిరోధకాలు కావు.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం లేదా గుండెపోటు వచ్చినవాళ్లు, తీవ్రమైన కాలేయ జబ్బున్నవాళ్లు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లు హార్మోన్లు వాడకూడదు. ముందుగా బీపీ చూడాలి, రొమ్ము పరీక్ష చేయించుకోవాలి.

హార్మోన్లు కుదరనివాళ్లకు

రాత్రి ఆవిర్లే ఎక్కువైతే పడుకునేముందు వేసుకునే గాబాపెంటిన్, పగలూ రాత్రీ ఆవిర్లు, వాటితోపాటు దిగులు, చిరాకు ఉంటే వెన్లాఫాక్సిన్ లేదా ఎస్సిటలోప్రామ్. ఈ రెండు దారుల్లో ఎంచుకోవడం కష్టం కాదు. గాబాపెంటిన్ నిద్ర కూడా తెస్తుంది, మొదట్లో తల తిరుగుతుంది. వెన్లాఫాక్సిన్ కొందరికి నిద్రను చెడగొడుతుంది, బీపీ పెంచవచ్చు, కాబట్టి దాన్ని పొద్దున వేసుకోవాలి. పారోక్సిటిన్ కూడా ఆవిర్లను తగ్గిస్తుంది గానీ, రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్లకు అది వద్దు. పారోక్సిటిన్ టామోక్సిఫెన్ పనిని తగ్గిస్తుంది.

ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తరించిందో అందరికీ తెలిసిందే. గాబాపెంటిన్ మూత్రపిండాల ద్వారానే ఒంటి నుంచి బయటకు పోతుంది. అవి దెబ్బతిన్న మనిషికి మామూలు మోతాదు ఇస్తే మందు పేరుకుపోయి మగత, తూలు, అయోమయం వస్తాయి. నిద్రకు మంచిదని ఇటీవల ఎక్కువగా అమ్ముతున్న మెగ్నీషియం మాత్రలూ అంతే. నిద్రలేక ఒళ్లు నొప్పులని వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు ఇంకా చేటు. కాబట్టి ఈ మండలాల్లో ఏ మందుకైనా ముందు క్రియాటినిన్ పరీక్ష. జబ్బు ఉందని తేలితే 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి దగ్గరలోనే ఉంది.

అశ్వగంధ, సోయా, మెలటోనిన్ గురించి క్లుప్తంగా: సోయాతో కొందరికి ఆవిర్లు కొద్దిగా తగ్గుతాయి. మెలటోనిన్ ప్రభావం చిన్నది. అశ్వగంధతో కొందరికి నిద్ర మెరుగైనా, కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి, థైరాయిడ్ మందు వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. లేబుల్ లేని చూర్ణాలు, భస్మాలు మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ముట్టుకోకూడదు. యోగా, సాయంత్రపు నడక నిద్ర నాణ్యతను కొంత బాగుచేస్తాయి గానీ ఆవిర్ల సంఖ్యను తగ్గించవు. ఆవిర్లు తగ్గలేదని నడక మానేయకండి, ఎముకలకు అది కావాలి.

గర్భసంచి తీయించుకోవడం

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా సుమారు 3 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. రాష్ట్రాలన్నింటిలో మనదే ఎక్కువ. ఆ ఆపరేషన్ నిద్రకు పరిష్కారం కాకపోగా, చాలామందికి సమస్యే అది. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ రాత్రికి రాత్రే వచ్చేస్తుంది, ఆవిర్లు తీవ్రంగా ఉంటాయి. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పనిమానేస్తాయి. గడ్డలు, విపరీత రక్తస్రావం లాంటి నిజమైన కారణం ఉండి, మందులు, లూపు ప్రయత్నించినా లొంగనప్పుడు ఆపరేషన్ సరే. అప్పుడు కూడా "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, ఎందుకు?" అని సంతకం పెట్టేముందే అడగండి.

ఇప్పటికే తీయించుకున్నవాళ్లు ఆపరేషన్ కాగితాలు వెతికి అండాశయాల సంగతి తెలుసుకోండి. 45 లోపే రెండూ తీసేసి ఉంటే, అడ్డంకులు లేని పక్షంలో సహజంగా ముట్లు ఆగే వయసు వరకూ ఈస్ట్రోజెన్ వాడటం నిద్రకే కాదు, ఎముకలకూ గుండెకూ అవసరం. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు, కలిపి వాడే మందుల కంటే రొమ్ము విషయంలో భయం తక్కువ.

ఇంట్లో మార్చదగినవి

అన్నింటికంటే ముందు అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు మన తీరంలోని ఆడవాళ్లలో ఇంకా ఉంది. అంగిలికి క్యాన్సర్ తెస్తుందని అందరూ చెబుతారు గానీ, పొగాకు ముట్లను ఒకటి రెండేళ్లు ముందే ఆపేస్తుందని, ఆవిర్లను పెంచుతుందని, నికోటిన్ నిద్రను చెదరగొడుతుందని ఎవరూ చెప్పరు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు చుట్ట ముట్టించడం మళ్లీ నిద్ర రాకుండా చేసుకోవడమే.

పాలిస్టర్ నైటీకి బదులు నూలు బట్ట, దిండు కింద ఇంకొక పొడి జాకెట్టు, దోమతెర లోపలికి గాలి వచ్చేలా ఫ్యాను దిశ, సాయంత్రం నాలుగు తర్వాత టీ మానడం. ఇవి చేయదగినవే, అయితే వీటితోనే జబ్బు నయమవుతుందని నేను చెప్పను. చోడి అంబలి తాగండి, ఎముకలకు సున్నం అందుతుంది. నిద్రకు మాత్రం దానితో సంబంధం లేదు.

డాక్టరు దగ్గర

విజయనగరంలో ఘోషాసుపత్రిలోనైనా, శ్రీకాకుళం పెద్దాసుపత్రి స్త్రీల విభాగంలోనైనా ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. "నిద్ర పట్టడం లేదు" అని మొదలుపెడితే నిద్రమాత్ర రాసే అవకాశం ఎక్కువ. "రాత్రికి మూడుసార్లు చెమటతో లేస్తున్నాను, ముట్లు ఆరు నెలలుగా అటూ ఇటూ అవుతున్నాయి, ఇదిగో రెండు వారాల లెక్క" అనండి. ఇంట్లో రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం ఉందో లేదో, వాడుతున్న మందులు ఏమిటో చీటీ మీద రాసుకెళ్లండి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, సంభోగం తర్వాత రక్తం వచ్చినా, నిద్రలేమితోపాటు బతకాలనిపించకపోయినా వరుస కోసం ఆగకుండా వెంటనే చూపించుకోండి.

ఏ మందు మొదలుపెట్టినా క్యాలెండర్ రాయడం ఆపకండి. రెండు మూడు నెలల తర్వాత గడులు చూసుకోండి. చెమట మాటలు తగ్గలేదంటే మోతాదు గురించో, మందు మార్పు గురించో డాక్టరుతో మాట్లాడాలి. చెమట పోయి మెలకువ మాత్రం మిగిలితే హార్మోను పెంచమని అడగకండి. ఆ మెలకువ అప్పటికే అలవాటుగా మారింది, దానికి నాలుగున్నరకు లేచే పద్ధతే మందు.